రెండు రేడియోలు... ఒక పాట

అరచేతిలో ఫోను. అడిగిన పాట అడిగినట్టే వినిపిస్తుంది. అయినా అమ్మ ‘ఫలానా పాట పెట్టవే’ అని ఒక్కనాడూ అడగదు. ఎందుకో తెలియడానికి నర్సీపట్నం నుంచి లమ్మసింగి దాకా ముప్పై కిలోమీటర్లు బస్సులో వెళ్లాల్సి వచ్చింది. మీరూ రండి... కిటికీ పక్క సీటు మీకే!

ఊరు ఇక్కడ లేదు... రోడ్డు ఉంది!

మా ఊరికి రైల్లో రావాలనుకుంటే ముందే చెబుతున్నా, పేరు చూసి మోసపోకండి. హౌరా-చెన్నై రైలుమార్గంలో యలమంచిలి దాటాక, తుని రాకముందు ‘నర్సీపట్నం రోడ్’ అనే చిన్న స్టేషన్ వస్తుంది. కొత్తవాళ్లు సంచులు పట్టుకుని అక్కడ దిగిపోతారు. దిగి, ‘ఊరెటండీ?’ అని అడుగుతారు. ఊరు అక్కడ ఉండదు. రైల్వేవాళ్ల లెక్కలో స్టేషన్ పేరు చివర ‘రోడ్’ అని ఉందంటే, ఊరికి వెళ్లే దారి మాత్రమే అక్కడ ఉందని అర్థం. మా ఇంటికొచ్చే చుట్టాల్లో ఏడాదికి ఒకరైనా ఈ పరీక్షలో తప్పేవారు.

అందుకే విశాఖ నుంచి బస్సులో రావడమే నాకిష్టం. అనకాపల్లి దగ్గర కిటికీలోంచి బెల్లం వాసన పలకరిస్తుంది. చలికాలమైతే చెరకు బళ్లు అడ్డొచ్చి బస్సు నెమ్మదిస్తుంది. తాళ్లపాలెం దగ్గర పెద్ద రోడ్డును వదిలి లోపలికి మళ్లి, మాకవరపాలెం దాటేసరికి ఎదురుగా నీలం రంగు గీత గీసినట్టు తూర్పు కనుమలు కనిపిస్తాయి. ఆ గీత చిక్కబడి, పచ్చబడి, చెట్లు విడివిడిగా కనిపించడం మొదలైందంటే మా ఊరొచ్చినట్టే.

నర్సీపట్నం మైదానానికి చివరి ఊరు, మన్యానికి మొదటి మెట్టు. కొండల మీద నుంచి సీతాఫలాలు, పనసకాయలు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు దిగుతాయి. ఇక్కణ్నుంచి ఉప్పు, ఎండుచేపలు, బట్టలు పైకెక్కుతాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి, ఎదురుగా కనిపించే చింతపల్లి కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద గీత పడింది. బస్సులకు మాత్రం ఆ గీతతో పనిలేదు. పొద్దున్నే ఎక్కుతాయి, సాయంత్రానికి దిగుతాయి.

శనివారం సాయంత్రం బస్సు

చిన్నప్పుడు మా వీధిలో చాలా ఇళ్లకు ఒకే లక్షణం ఉండేది. సోమవారం నుంచి శనివారం దాకా ప్రతి ఇంట్లో ఒక మనిషి తక్కువ. పక్కింటాయన చింతపల్లిలో గుమస్తా. వీధి చివరి ఇంటాయన ఫారెస్టు గార్డు. ఎదురింటావిడ ఏజెన్సీ ఆస్పత్రిలో నర్సు. మా నాన్న లమ్మసింగి అవతల ఓ గూడెంలో పంతులు. ఉద్యోగం కొండ మీద, కాపురం కొండ కింద!

కారణం దోమ. మన్యం జ్వరమంటే మైదానం వాళ్లకు హడల్. చంటిపిల్లలతో పైన కాపురం పెట్టడానికి ధైర్యం చాలేది కాదు. అందుకే పిల్లల్ని, సామాన్లని నర్సీపట్నంలో ఉంచి, ఉద్యోగస్తులు ఒక్కరే సంచి సర్దుకుని వెళ్లేవారు. పెద్దయ్యాక నాన్న ఓసారి అన్నారు: ‘ఆ జ్వరం నుంచి తప్పించుకోవడానికి మనకో నర్సీపట్నం ఉంది. నా బళ్లో పిల్లలకు ఏముంది?’ అని. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

శనివారం సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మా వీధి పిల్లలందరం హాజరు. చింతపల్లి బస్సు వస్తుంటే దూరం నుంచే తెలిసిపోయేది. టాపు మీద మూటలు, టైర్లకు ఎర్రమట్టి. అందులోంచి నాన్నలు దిగేవారు. చేతిలో ఏముందో చూసి నెల చెప్పేయొచ్చు. సీతాఫలాలైతే దసరా రోజులు. కొండచీపుర్లైతే సంక్రాంతి వెళ్లినట్టు. పనసకాయైతే ఎండలు ముదిరినట్టు. తెచ్చిన సీతాఫలాల్ని అమ్మ బియ్యం డబ్బాలో దాచేది. రోజుకు నాలుగుసార్లు మూత తీసి నొక్కి చూడటం, ‘అలా నొక్కితే పాడైపోతాయే’ అని తిట్లు తినడం... అవన్నీ ఆ పండు రుచిలో భాగమే.

ఇలాంటి చిన్న చిన్న సుఖాలకు మా వైపు లోటు లేదు. పెళ్లిళ్లకు వెళ్లొచ్చిన వాళ్లు తెచ్చే మాడుగుల హల్వా ఒకటి. గోధుమపాలతో చేసే ఆ హల్వా నోట్లో పెడితే నమలాల్సిన పనే ఉండదు. ఏటికొప్పాక బొంగరం ఇంకొకటి. మా ఊరి పక్క నుంచి పారే వరాహ నదే దిగువకు వెళ్లి ఏటికొప్పాకను ఒరుసుకుంటూ పోతుంది. అంకుడు కర్రను తరిణి మీద పెట్టి, లక్క రంగులద్ది అక్కడివాళ్లు చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి అప్పట్లో మాకేం తెలుసు? నేల మీద వదిలితే అది తిరుగుతూ చేసే సన్నటి శబ్దం తెలుసు. ఎవరి బొంగరం ఎక్కువసేపు పాడితే వాళ్లు గెలిచినట్టు.

కిటికీ గట్టు మీద సుద్దగీత

అసలు పాట మాత్రం రేడియోదే.

మా ఇంట్లో రెండు ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఒకటి ఇంట్లో, కిటికీ గట్టు మీద. రెండోది నాన్న సంచిలో. తొంభైల సంగతి ఇది. టీవీలు వచ్చేశాయి గానీ మా ఇంటికి ఇంకా రాలేదు. గూడెంలో అయితే కరెంటే లేదు. నాన్నతో మాట్లాడాలంటే ఫోన్ లేదు. ఉత్తరం రాస్తే, అది చేరేలోపు ఆయనే వచ్చేసేవారు.

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మా ఉత్తరాంధ్ర ఇళ్లలో అది ఇంకో కుటుంబ సభ్యుడి కింద లెక్క. కానీ మా ఇంట్లో పాట తేలిగ్గా దొరికేది కాదు. గరగరమని మోత. రేడియోను ఇటు తిప్పితే మోత, అటు తిప్పితే పాట. ఒక ఆదివారం నాన్న వెనక మూత ఊడదీసి చూపించారు. మీడియం వేవును పట్టుకునేది పైకి లాగే ఏరియల్ కాదట. లోపల రాగితీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, అదీ అసలు పనిమంతురాలు. స్టేషన్ ఉన్న దిక్కుకు ఆ కడ్డీ అడ్డంగా ఉంటే పాట స్పష్టంగా వస్తుంది. కడ్డీ కొస అటు తిరిగితే పాట సన్నబడిపోతుంది. నాన్న మెల్లగా తిప్పి తిప్పి, పాట బాగా వచ్చిన చోట రేడియోను ఆపి, దాని అంచు వెంట కిటికీ గట్టు మీద సుద్దముక్కతో ఒక గీత గీశారు. ‘రేడియో ఈ గీత దాటకూడదు’ అన్నారు. ఏటా సంక్రాంతికి సున్నాలు వేసినప్పుడు ఆ గీత పోయేది. అమ్మ మళ్లీ గీసేది.

అమ్మకు పాటల పిచ్చి పుట్టింటి నుంచే ఉంది. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై గొంతు వింటూ పెరిగిన తరం ఆవిడది. సముద్రం అవతలి నుంచి షార్ట్ వేవులో అలలు అలలుగా వచ్చే ఆ పాటలు ఒక్కోసారి దగ్గరకొచ్చి, ఒక్కోసారి దూరమైపోయేవట. ‘ఊయల మీద కూర్చుని ఎవరో పాడుతున్నట్టుండేదే’ అంటుంది.

ఇక్కడ మా వైపు గురించి కాస్త గొప్ప చెప్పుకోవాలి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. దానికి తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల సంగీతం నేర్చుకోవడానికి వెతుక్కుంటూ వచ్చిందీ ఆ ఊరికే. పి.సుశీల పుట్టిందీ, సంగీతం నేర్చిందీ అక్కడే. సిరివెన్నెల సీతారామశాస్త్రి సినిమాలకు వెళ్లక ముందు నడిచిన వీధులు మా అనకాపల్లివి. అంటే మా రేడియోలో వచ్చే గొంతుల్లో, మాటల్లో చాలావరకు మా చుట్టుపక్కల నుంచి వెళ్లి, మద్రాసు తిరిగి, మళ్లీ గాల్లో మా ఇంటికే వచ్చినవి. అమ్మ సుశీల గురించి పొరుగింటి ఆడపడుచు గురించి మాట్లాడినట్టే మాట్లాడేది.

పదిహేను పైసల కార్డు

శ్రోతలు కోరిన పాటల కార్యక్రమం గుర్తుందా? పోస్టుకార్డు మీద పాట, సినిమా పేరు, మన పేర్లు రాసి పంపాలి. మన అదృష్టం బాగుంటే ఏదో ఒక రాత్రి ఆ పాట వేస్తారు. ముందుగా కోరినవారి పేర్లు చదువుతారు. పదిహేను పైసల కార్డుతో రాష్ట్రమంతా వినేలా పేరు!

అమ్మ నెలకో కార్డు రాసేది. ఎప్పుడూ ఒకే పాట. ఘంటసాల, సుశీల కలిసి పాడింది. ఆ పాట పేరు మాత్రం చెప్పను, అది వాళ్లిద్దరిది. కార్డు మీద నా పేరు, తమ్ముడి పేరు, పక్కింటి పిల్లల పేర్లు కూడా రాసేది. నాన్న పేరు మాత్రం రాసేది కాదు. ‘ఊరంతా వింటారు, ఆయన పేరు ఎలా రాస్తానే?’ అనేది సిగ్గుపడుతూ. ‘మీ పేర్లు వింటే ఆయనకు తెలీదా ఏటి!’

అక్కడ కొండ మీద నాన్నకు వేరే అవస్థ. సెల్లులు అయిపోతే కొత్తవి కావాలంటే సంత దాకా నడవాలి. అందుకే కార్యక్రమం అవగానే రేడియోలోంచి సెల్లులు తీసేసేవారు. నీరసించిన సెల్లుల్ని పగలు ఎండలో పెట్టేవారు. వేడెక్కితే ఇంకో రెండు మూడు రోజులు వస్తాయని నమ్మకం. ఆ కాస్త ప్రాణం ఈ ఒక్క కార్యక్రమం కోసమే.

ఎన్ని నెలలు రాసిందో గానీ ఒక రాత్రి మా పేర్లు వచ్చాయి. ‘నర్సీపట్నం నుంచి...’ అనగానే అమ్మ చేతిలో ఉన్న గరిటె అలాగే ఉండిపోయింది. తమ్ముడు గంతులు. పక్కింటి పిల్లలు గోడ దూకి మా వాకిట్లోకి వచ్చేశారు. పాట మొదలైంది. వీధిలో నాలుగైదు రేడియోల్లోంచి ఒకేసారి అదే పాట. పాట అయిపోయాక అమ్మ ఒక్క నిమిషం ఆగి, ‘ఇప్పుడు మీ నాన్న రేడియో కట్టేస్తారు’ అని తన రేడియో కట్టేసింది.

శనివారం నాన్న బస్సు దిగారు. ఆ సంగతి ఎత్తనేలేదు. ఇంటికొచ్చి, పెరట్లో కాళ్లు కడుక్కుంటూ మెల్లగా ఆ పాట కూనిరాగం తీశారు. వంటింట్లో అమ్మ తనలో తనే నవ్వుకుంది. అంతే. ఆ ఇంట్లో ‘ఐ లవ్ యూ’లు లేవు. కూనిరాగాలే ఉండేవి.

కూలీ దక్కని రోడ్డు

నాన్న పోయి మూడేళ్లు. అప్పట్నుంచి అమ్మ పాడటం మానేసింది. వంట చేస్తున్నా, పూలు కడుతున్నా నోట్లో ఏదో ఒక పాట ఆడే మనిషి మౌనంగా పని చేసుకుంటోంది. ఫోన్లో పాత పాటలన్నీ పెట్టిచ్చాను. చిన్న స్పీకరు కొనిచ్చాను. స్పీకరు మీద చక్కగా గుడ్డ కప్పి పెట్టింది, దుమ్ము పడకుండా!

ఈమధ్య డిసెంబరులో ఇంటికి వెళ్లినప్పుడు ఉన్నట్టుండి, ‘లమ్మసింగి చలి ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలే’ అంది. ఇన్నేళ్లు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా చలికాలంలో ఆవిడ కొండెక్కలేదు. కారు మాట్లాడతానన్నాను. ‘వద్దు. మీ నాన్న ఎక్కే బస్సు’ అంది.

తెల్లవారుజామున బస్సెక్కాం. మూటలతో ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, లమ్మసింగి మంచు చూడటానికి బయల్దేరిన కుర్రాళ్ల గుంపు. పిల్లలందరి చెవుల్లోనూ తెల్లటి గింజల్లాంటి ఇయర్‌ఫోన్లు. ఎవరి పాట వారిది. బస్సంతా సంగీతమే, కానీ నిశ్శబ్దం!

నాన్న ఉంటే ఈ దారిలో పాఠం చెప్పకుండా ఉండేవారు కాదు. మనం సరదాగా ఎక్కుతున్న ఈ దారి ఒకప్పటి కన్నీళ్ల దారి. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ ఈ కొండల్లోకి రోడ్డు వేయడానికి గిరిజనులతో బలవంతంగా పని చేయించాడు. కూలీ సరిగా ఇవ్వలేదు. అడవిలోకి పోతే ఆంక్షలు, రోడ్డు పనికి పోతే వెట్టి. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... వరసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి. రెండేళ్ల పోరాటం తర్వాత 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను కాల్చి చంపారు. నర్సీపట్నానికి దగ్గర్లోనే కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. ‘రోడ్డు మీద పోతున్నప్పుడు దాన్ని వేసినవాడికి కూలీ ముట్టిందో లేదో అడగాలి’ అనేవారు నాన్న. బళ్లో పిల్లలకూ ఇదే చెప్పేవారట.

పాటతోనే మొదలుపెట్టాను కాబట్టి ఇంకో మాట. 1974లో కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాను చాలావరకు ఈ చింతపల్లి కొండల్లోనే తీశారు. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాటలో ఘంటసాల గొంతు ఉంది. ఆయన ఆ ఏడాది ఫిబ్రవరి 11న కన్నుమూశారు. సినిమా మే నెలలో విడుదలైంది. అంటే గొంతు ఆగిపోయాక పాట ఊళ్లలోకి వచ్చిందన్నమాట. పాటకు ఆ వెసులుబాటు ఉంది. మనిషికి లేదు.

సిగ్నల్ పోయిన మలుపులో

డౌనూరు దాటి ఘాట్ మొదలైంది. బస్సు రొప్పుతూ ఎక్కుతోంది. ఒక పక్క లోయ, ఇంకో పక్క తడిసిన రాయి. చల్లగాలి కిటికీ సందుల్లోంచి సూదిలా దూరుతోంది. రెండు మూడు మలుపులు తిరిగేసరికి అమ్మ పక్కన కూర్చున్న కుర్రాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి చిరాగ్గా చూశాడు.

‘ఏమైంది బాబూ?’

‘సిగ్నల్ పోయింది మామ్మా. పాట ఆగిపోయింది.’

‘ఏ పాట?’

‘మీకు తెలీదులెండి. కొత్త సినిమాది.’

‘తెలీకపోతే ఏటి? పాడు, వింటాను.’

వాడు సిగ్గుపడ్డాడు. స్నేహితులు వెనక నుంచి ఎగదోశారు. చివరికి పాడాడు. శ్రుతి ఎటో పోయింది గానీ ఉత్సాహం మాత్రం దండిగా ఉంది. వెనక సీట్లలో పిల్లలు అందుకున్నారు. ముందు సీట్లో బుట్ట పట్టుకు కూర్చున్న ఓ గిరిజన మహిళ వెనక్కి తిరిగి నవ్వి, వాళ్ల కొండ పాట ఒకటి నాలుగు చరణాలు వినిపించింది. మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. దరువు మొత్తం అర్థమైంది. ఆ వెంటనే కుర్రాడు, ‘ఇప్పుడు మామ్మ వంతు’ అన్నాడు.

అమ్మ పాడదనుకున్నాను. మాట మార్చేద్దామని నోరు తెరవబోయాను. ఈలోపు అమ్మ కిటికీ వైపు తిరిగి, లోయలోకి చూస్తూ, మెల్లగా మొదలుపెట్టింది. అదే పాట. సుశీల చరణం పాడి, ఘంటసాల చరణం దగ్గర ఆగింది. అక్కడ ఎప్పుడూ నాన్న అందుకునేవారు. ఒక్క క్షణం ఇంజను మోత తప్ప ఏమీ లేదు. వెనక సీట్లోంచి ఓ పెద్దాయన, ఎవరో తెలీదు, తలపాగా చుట్టుకుని ఉన్నాడు... ఆ చరణం అందుకున్నాడు.

పాత్రికేయ బుద్ధి ఊరుకోదు కదా, ఫోనులో రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే ఇంజను మోత తప్ప ఏమీ లేదు!

మంచు లేని లమ్మసింగి

లమ్మసింగిలో దిగేసరికి తెల్లగా తెల్లారింది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. దానికి తోడు చలికాలం రాత్రుళ్లు ఆకాశం తేటగా ఉంటే నేల వేడంతా పైకి పోయి, చల్లగాలి లోయల్లోకి జారి అక్కడే నిలుస్తుంది. అదే పొగమంచు దుప్పటి. ఊరికి ‘కొర్రబయలు’ అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ‘ఆంధ్రా కశ్మీర్’ అన్న పేరు చూసి కొందరు దూదిలా మంచు రాలుతుందనుకుంటారు. ఇక్కడ కురిసేది హిమం కాదు. ఉండేది పొగమంచు.

ఆ రోజు అదీ లేదు! ఆకాశం నిర్మలంగా, కొండలు కడిగి ఆరబెట్టినట్టు ఉన్నాయి. మాతో వచ్చిన కుర్రాళ్ల మొహాలు వాడిపోయాయి. టీ కొట్టాయన అందరికీ అదే చెబుతున్నాడు: ‘నిన్న రావాల్సిందండీ. అడుగు దూరంలో మనిషి కనపళ్లేదు.’

అమ్మకు మాత్రం ఏ లోటూ కనిపించలేదు. ఆవిడ చూడటానికి వచ్చింది చలిని. అది కావలసినంత ఉంది. రోడ్డు పక్క నెగడు దగ్గర చేతులు కాచుకుంటూ, టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. అవతల వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. కాఫీ తోటల్లో ఎర్రటి పళ్లు ఏరుతున్న ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

‘ఈ చలిలో, ఆ రేకుల ఇంట్లో, రాత్రిపూట రేడియో పట్టుకుని కూర్చునేవారా!’ అంది కాసేపటికి. నాన్నను తిట్టిందో మెచ్చుకుందో తెలీలేదు.

అప్పుడు అడిగాను, మూడేళ్లుగా అడగాలనుకున్నది. ‘ఫోన్లో ఆ పాట ఉందిగా అమ్మా. ఎప్పుడూ పెట్టుకోవేం?’

అమ్మ టీ తాగి గ్లాసు కింద పెట్టింది. ‘ఎదురుచూసి వినడంలోనే సుఖం’ లాంటి సమాధానం వస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. ఇలాంటి వ్యాసాల్లో మేం రాసే మాట అదే కదా! అమ్మ అలా అనలేదు.

‘ఎదురుచూడటంలో సుఖమేముందే? సెల్లులు లేక, కరెంటు లేక పడ్డ బాధ నీకేం తెలుసు! ఫోను మంచిదే. కానీ అప్పుడు ఆ పాట వస్తుంటే, ఆయనా వింటున్నారని తెలిసేది. ఇద్దరం చెరో చోట ఉన్నా, ఆ మూడు నిమిషాలూ ఒక్కచోటే ఉన్నట్టు. ఇప్పుడు నేను పాట పెట్టుకుంటే ఇంకెవరు వింటున్నారే?’

నా దగ్గర మాట లేదు. నెగడులో కట్టె ఒకటి చిటపటమంది.

ఎనిమిదిన్నర పాట

విశాఖ తిరిగొచ్చాక ఒక పని మొదలుపెట్టాం. మంగళవారం రాత్రి సరిగ్గా ఎనిమిదిన్నరకు అమ్మ నర్సీపట్నంలో, నేను విశాఖలో, తమ్ముడు హైదరాబాదులో ఒకే పాట పెట్టుకుంటాం. ఏ పాటో వారానికి ఒకరు ఎంచాలి. మొదటి వారం అమ్మ ఆ పాటే ఎంచుతుందనుకున్నాను. ‘బస్సులో కుర్రాడు పాడాడే, ఆ కొత్త పాట పెట్టండి’ అంది! స్పీకరు మీద గుడ్డ తీసేసింది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టిందని పక్కింటి పిల్ల చెప్పింది. ఏ దిక్కున పెట్టినా ఒకేలా పాడే స్పీకరు. అయినా రేడియో ఉన్న చోటే పెట్టింది.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... ఒకరు పల్లెలో, ఒకరు పట్నంలో, ఒకరు సముద్రాల అవతల. వారానికి ఒక్క పాటకు సరిపడా టైము అందరి దగ్గరా ఉంటుంది. ఈ ఆదివారమే మొదలుపెట్టి చూడండి.

మా ఇంట్లో పాట అవగానే మరుక్షణం ఫోను మోగుతుంది. అవతల అమ్మ. ఒకటే మాట.

‘అయిపోయింది. ఇక కట్టెయ్.’

ఇలా వెళ్లొచ్చు

విశాఖపట్నం నుంచి అనకాపల్లి, తాళ్లపాలెం మీదుగా నర్సీపట్నానికి బస్సులున్నాయి. దూరం ఎనభై, తొంభై కిలోమీటర్ల మధ్య. రైల్లో వచ్చేవారు తునిలో గానీ, అనకాపల్లిలో గానీ దిగి బస్సెక్కడం సులువు. నర్సీపట్నం నుంచి లమ్మసింగి సుమారు 30 కిలోమీటర్ల ఘాట్ దారి. నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. తెల్లవారక ముందే చేరుకుంటే పొగమంచు కనిపించే అవకాశం ఎక్కువ. దగ్గర్లో చెరువులవేనం కొండ, తాజంగి జలాశయం చూడొచ్చు. తిరుగు ప్రయాణంలో కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి దగ్గర కాసేపు ఆగండి. స్వెట్టరు మరచిపోవద్దు. ప్లాస్టిక్ కవర్లు మాత్రం కొండ మీద వదలొద్దు.